టీసీ ఇచ్చి పంపేస్తే సరిపోతుందా?

సభకు నమస్కారం. హైదరాబాద్ నగరం నలుమూలల నుంచి వచ్చిన ప్రధానోపాధ్యాయులకు, ప్రైవేటు బడుల కరస్పాండెంట్లకు, విద్యాశాఖ, పోలీసు, స్త్రీ శిశు సంక్షేమ శాఖల అధికారులకు, పని మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు పేరుపేరునా నమస్కారం.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ఇప్పుడు పోక్సో కేసుల్లో, అంటే పిల్లల మీద జరిగే లైంగిక నేరాల కేసుల్లో, పిల్లలకు తోడుగా ఉండే సపోర్ట్ పర్సన్‌గా పనిచేస్తున్నాను. పోలీసుల దగ్గరికి, ఆసుపత్రికి, కోర్టుకి పిల్లల వెంట వెళ్లడం, అక్కడ ఏం జరుగుతుందో ముందే వాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం నా పని. ఆ పరిచయంతో హెడ్మాస్టర్లు నాకు ఫోన్ చేస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకటే మాట: "మేడమ్, మా బడిలో ఒక పిల్లాడు ఇంకో పిల్లతో ఇట్లా చేశాడు. వాడికి టీసీ ఇచ్చి పంపేస్తే సరిపోతుందా?"

సరిపోదు. ఎందుకు సరిపోదు, దాని బదులు ఏం కావాలి, అది సమకూర్చాల్సిన వాళ్లు ఎవరు అన్నదే ఇవాళ నా మాట.

టీసీ కాగితంలో ప్రవర్తన అనే గడి ఒకటి ఉంటుంది. అందులో "సంతృప్తికరం" అని రాసి సంతకం పెడతారు. అట్లా రాయకపోతే తండ్రి గొడవ చేస్తాడు, ఇంకో బడి చేర్చుకోదు. పిల్లాడు రెండు గల్లీల అవతల ఇంకో బడిలో చేరతాడు. అక్కడి టీచర్లకు ఏమీ తెలియదు. వాడు చేసింది ఎందుకు తప్పో కూర్చోబెట్టి చెప్పినవాళ్లు లేరు, వాడికి ఇంట్లో ఏం జరుగుతోందో అడిగినవాళ్లూ లేరు. ఇక్కడ మిగిలిన పిల్ల రోజూ అవే మెట్లు ఎక్కుతుంది. క్లాసులో అందరికీ తెలిసిపోయింది, గుసగుసలు ఆగవు. కొన్ని నెలలకు ఆ పిల్లకు కూడా టీసీ తీసుకుంటారు. రిజిస్టర్లో రెండు పేర్లు కొట్టేస్తే విషయం ముగిసినట్టు.

అసలు ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లనీ పిల్లాణ్నీ బడి నుంచి తీసేయడానికి వీల్లేదని 2009 విద్యాహక్కు చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. మనం తీసేశామని రాయం. తల్లిదండ్రులే అడిగి తీసుకున్నట్టు దరఖాస్తు రాయించుకుంటాం. ఆ దరఖాస్తు ఎట్లా వస్తుందో ఈ హాల్లో అందరికీ తెలుసు.

హెడ్మాస్టర్ల మనసు రాయి అని నేననను. ఆ కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ పూట హెడ్మాస్టర్ ఒంటరి. పదకొండు గంటలకు సంగతి తెలుస్తుంది. ఒకపక్క మధ్యాహ్న భోజనం, ఇంకోపక్క ఆన్‌లైన్‌లో ఎక్కించాల్సిన వివరాలు, ఇద్దరు టీచర్లు సెలవు. ఎవరికి చెప్పాలి? డీఈఓ, అంటే జిల్లా విద్యాధికారి ఆఫీసుకు చెబితే ముందు నాకే షోకాజ్ నోటీసు వస్తుందేమోనని భయం. స్టేషన్‌కు చెబితే జీపు గేటు ముందు ఆగుతుందని భయం. ప్రైవేటు బడి అయితే వచ్చే ఏడాది అడ్మిషన్లు పడిపోతాయని భయం. ఇన్ని భయాల మధ్య చేతికందేది టీసీ పుస్తకం ఒక్కటే. కాబట్టి నా వాదన సూటిగా చెబుతాను. పిల్లల మధ్య వేధింపు బయటపడ్డ మొదటి రోజున ఆ హెడ్మాస్టర్ పక్కన నిలబడటమే అధికార యంత్రాంగం చేయాల్సిన మొదటి పని. మిగతా పనులన్నీ ఆ తర్వాతే.

పిల్లల మధ్య వేధింపు అంటే మనకు పేపర్లో వచ్చే ఘోరాలే గుర్తుకొస్తాయి. అవి చివర్లో వచ్చేవి. అంతకుముందు చాలా జరుగుతుంది. రంగు మీద, కులం మీద, లావు మీద, నత్తి మీద పేర్లు పెట్టి పిలవడం, రోజూ టిఫిన్ డబ్బా లాక్కోవడం, చున్నీ లాగడం, బాత్రూంలో తోటి మగపిల్లాడి నిక్కరు లాగి అందరినీ పిలిచి చూపించడం, ఫోన్లో ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. "పిల్లలన్నాక ఇవన్నీ మామూలే" అని మనం వదిలేసిన ప్రతిదాన్నీ పిల్లలు గమనిస్తారు. ఇక్కడ పెద్దవాళ్లు పట్టించుకోరు అని చేసేవాడికీ అర్థమవుతుంది, పడేవాడికీ అర్థమవుతుంది. మగపిల్లల మీద జరిగేది ఇంకా తక్కువ బయటికొస్తుంది. "మగాడివి, ఏడుస్తావేంరా" అన్న ఒక్క మాట చాలు, ఆ నోరు మళ్లీ తెరుచుకోదు.

ఇంగ్లండ్‌లో 2021లో దీని మీద పెద్ద కదలికే వచ్చింది. వేలమంది విద్యార్థులు పేరు చెప్పకుండా తమ బడుల్లో తమకు జరిగింది ఆన్‌లైన్‌లో రాశారు. ప్రభుత్వం బడులను తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ సంస్థను సంగతి చూడమంది. వాళ్లు 32 బడులు, కాలేజీలకు వెళ్లి 900 మందికి పైగా పిల్లలతో మాట్లాడి ఆ ఏడాది జూన్‌లో నివేదిక ఇచ్చారు. ఆడపిల్లల్ని కించపరిచే పేర్లతో పిలవడం, అడగకుండా అసభ్య చిత్రాలు పంపడం తమ చుట్టూ తరచుగానో అప్పుడప్పుడో జరుగుతున్నాయని పదింట తొమ్మిదిమంది ఆడపిల్లలు చెప్పారు. అంత జరుగుతోందని టీచర్లు అనుకోలేదు. ఫిర్యాదు ఒక్కటీ రాకపోయినా, మీ బడిలోనూ జరుగుతోందనే అనుకుని పనిచేయండి అని ఆ నివేదిక బడులకు చెప్పింది. ఆ మాట నాకు చాలా నచ్చింది. మన దగ్గర ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి "కంప్లయింట్లు ఏమైనా ఉన్నాయా?" అని అడగడం, "ఏమీ లేవు సార్" అని మనం సంతోషంగా చెప్పడం మామూలు. ఆరువందల మంది పిల్లలున్న బడిలో ఏడాదంతా ఒక్క ఫిర్యాదూ లేదంటే నాకు అనుమానమే వస్తుంది. పిల్లలకు చెప్పుకునే చోటు లేదన్నమాట.

ఆ దేశంలో ప్రతి బడిలోనూ పిల్లల రక్షణ బాధ్యతను ఒక సీనియర్ ఉద్యోగికి అప్పగిస్తారు. అనుమానం వస్తే ఆ ఉద్యోగి స్థానిక కౌన్సిల్‌లో పిల్లల సంక్షేమం చూసే విభాగానికి ఫోన్ చేస్తారు. చాలాచోట్ల సోషల్ వర్కర్, పోలీసు, ఆరోగ్య సిబ్బంది ఒక టీముగా ఉండి ఆ సమాచారాన్ని కలిసి చూస్తారు. అక్కడా అన్నీ సవ్యంగా లేవు. "ఇది మా దాకా రావాల్సినంత పెద్దది కాదు" అని బడికే తిప్పి పంపే కేసులు అక్కడా ఉన్నాయి. కాని ఎవరికి ఫోన్ చేయాలో తెలియని హెడ్మాస్టర్ అక్కడ ఉండరు.

మనకు ఆఫీసులు లేవా? ఉన్నాయి. బాలల సంక్షేమ సమితి నింబోలిఅడ్డలో ఉంది. నేరం చేశారన్న పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు, ఆ పిల్లలను ఉంచే అబ్జర్వేషన్ హోం అంటే సైదాబాద్. 2016లో మొదలైన భరోసా కేంద్రం హాకా భవన్‌లో ఉంది, వాంగ్మూలం, కౌన్సెలింగ్, వైద్యం, న్యాయ సలహా ఒకే కప్పు కింద దొరకాలని పెట్టింది. ఆడవాళ్ల మీద వేధింపులను చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి ఉన్నాయి. జిల్లాకో బాలల పరిరక్షణ విభాగం ఉంది. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళ ఫోన్ చేసినా ఎత్తుతారు. మనసు బాగోలేని పిల్లల కోసం, వాళ్ల అమ్మానాన్నల కోసం 14416 టెలీ మానస్ ఉంది. గడపలకు కొదవ లేదు. ఏ గడప ముందు తొక్కాలో చెప్పేవాళ్లే లేరు.

దానికి తోడు నగరం ఒకటే గాని జిల్లాలు వేరు. 2016లో జిల్లాలు విడిపోయాక హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి, సంగారెడ్డి అన్నీ మన బస్సు రూట్లలోనే కలిసిపోయి ఉన్నాయి. పిల్ల ఇల్లు కూకట్‌పల్లి, బడి అమీర్‌పేట, సంఘటన జరిగింది ఆటోలో ఎర్రగడ్డ దగ్గర. "మా పరిధి కాదు" అన్న మాట ఆ తల్లికి రోజంతా వినిపిస్తుంది. చట్టం అట్లా అనలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాల్సిందే. పరిధి సంగతి తర్వాత వాళ్లూ వాళ్లూ చూసుకోవాలి. తల్లిని తిప్పకూడదు.

చట్టం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే హెడ్మాస్టర్ల భయంలో సగం చట్టం తెలియక వచ్చేదే.

లైంగిక వేధింపు జరిగిందని తెలిసినా, జరిగే ప్రమాదం ఉందని అనిపించినా పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటుంది. చేసినవాడూ విద్యార్థే కదా అంటే మినహాయింపు లేదు. డీఈఓకు లెటర్ పెట్టాను కదా అంటే చెల్లదు. చెప్పాల్సింది స్థానిక పోలీసులకు, లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మనం మరిచిపోయే ఇంకో వాక్యం కూడా అందులోనే ఉంది. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చిన వాళ్ల మీద సివిల్ కేసు గాని క్రిమినల్ కేసు గాని ఉండదు. ఆ పిల్ల చెప్పింది నిజమో కాదో తేల్చే పని మనది కాదు. టీచర్లు నలుగురు చుట్టూ కూర్చుని "మళ్లీ చెప్పు, మొదటి నుంచి చెప్పు" అని అడగడం మానాలి. ఒక్కసారి, ఒక్కరు, శ్రద్ధగా వినాలి. పిల్ల ఏ మాటల్లో చెప్పిందో ఆ మాటల్లోనే రాసి, తేదీ, టైము వేసి పెట్టాలి. పోలీసులు వాంగ్మూలం తీసుకునేటప్పుడు యూనిఫాం వేసుకోకూడదు. పిల్ల ఇంట్లోనో, తను కోరిన చోటో తీసుకోవాలి, వీలైనంత వరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి తీసుకోవాలి. స్టేషన్ వాళ్లు 24 గంటల్లో బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. ఇవి బతిమాలి అడగాల్సినవి కావు, చట్టంలో రాసినవి.

రెండో భయం, "కేసు పెడితే వాడి జీవితం నాశనమైపోతుంది." ఈ మాట అనేవాళ్లలో చాలామంది మంచి టీచర్లు. వాళ్ల బాధ నాకు తెలుసు. అయితే 2015 జువైనల్ జస్టిస్ చట్టం ఆ పిల్లాడి జీవితం కూడా నిలబెట్టడానికే వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లను లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉన్న బోర్డు ముందు విచారణ. కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరమైతే తప్ప, పెద్దవాళ్లతో కలిసి చేస్తే తప్ప, ఎఫ్ఐఆర్ కట్టకుండా స్టేషన్ డైరీలో రాసి, పిల్లాడి ఇంటి పరిస్థితుల మీద నివేదికతో బోర్డుకు పంపాలని నిబంధనలు చెబుతున్నాయి. పదహారు దాటినవాడు ఘోర నేరం చేస్తే తప్ప ఆ రికార్డు వాడి చదువుకో ఉద్యోగానికో అడ్డు రాకూడదు. ఏడేళ్లలోపు పసివాళ్లు చేసింది అసలు నేరమే కాదని భారతీయ న్యాయ సంహిత 20వ సెక్షన్. ఇద్దరిలో ఎవరి పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టినా శిక్ష ఉంది. ఒకటో తరగతి పిల్లాణ్ని "రేపిస్టు" అని వాట్సాప్‌లో రాసిన పెద్దమనుషులను నేను చూశాను. వాళ్లు చేసింది నేరం. ఆ పసివాడు చేసింది కాదు.

ఇప్పుడు అధికారులు పక్కన నిలబడితే ఎట్లా ఉంటుందో ఒకసారి దగ్గరగా చూపిస్తాను. పాతబస్తీ వైపు ఒక బడి. తొమ్మిదో తరగతి పిల్లాడు అదే తరగతి పిల్లను మెట్ల దగ్గర అడ్డగించి అసభ్యంగా తాకాడు. హెడ్మాస్టర్ స్టేషన్‌కు చెప్పారు, జిల్లా బాలల పరిరక్షణ విభాగానికీ చెప్పారు. నేను వెళ్లేసరికి ఆఫీసు గది బయట ఒకే బెంచీ మీద ఈ చివర పిల్ల తల్లి, ఆ చివర పిల్లాడి తల్లి. కూర్చోబెట్టడానికి ఇంకో చోటు లేదు. ఇద్దరూ ఏడుస్తున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడట్లేదు. పరిరక్షణ విభాగం నుంచి వచ్చిన అమ్మాయి ముందు చేసిన పని, సైన్స్ ల్యాబు తాళం తీయించి ఒకరిని అక్కడ కూర్చోబెట్టడం. ఇద్దరికీ మంచినీళ్లు ఇప్పించింది. తర్వాత విడివిడిగా మాట్లాడింది.

బడి వాళ్ల మొదటి ఆలోచన, కొన్నాళ్లు పిల్లను ఇంట్లో ఉంచమని. మంచికే అన్నారు. తల్లి ఒప్పుకోలేదు. "మా పొల్లనెందుకు ఇంట్ల కూసోబెట్టాలె మేడమ్? తప్పు జేసింది వాడు గదా. పరీచ్చలు దగ్గరికొచ్చినయి" అంది. ఆ ఒక్క మాట మీదే ఆ రోజు ప్లాను తయారైంది. ఒక పేజీ కాగితం. పిల్ల సెక్షను మారదు, పిల్లాడి సెక్షను మారుతుంది. పిల్లాడు వెనక గేటు నుంచి పదిహేను నిమిషాలు ముందు వస్తాడు, పీఈటీ సార్ ఎదురొస్తారు. ఇంటర్వెల్లో పిల్లాడు పై అంతస్తు మెట్లు వాడడు. పిల్లకు ఎప్పుడు గుండె దడగా అనిపించినా చేయెత్తి అడగకుండానే లేచి హిందీ మేడమ్ దగ్గరికి వెళ్లొచ్చు, ఎందుకు వెళ్తున్నావని ఎవరూ ఆపరు. ఆ మేడమ్‌ను ఎంచుకున్నది పిల్లే. పిల్లాడికి వారానికోసారి కౌన్సెలింగ్, దాని సంగతి తరగతిలో ఎవరూ మాట్లాడరు. ప్రతి శుక్రవారం ఇద్దరి తల్లులకూ విడివిడిగా ఫోన్. కింద హెడ్మాస్టర్, పరిరక్షణ విభాగం అమ్మాయి, ఇద్దరు తల్లులు సంతకాలు పెట్టారు. పిల్లాడి సంతకం కూడా ఉంది.

ఆ కాగితం చట్టపరంగా జరగాల్సిన దేన్నీ ఆపలేదు. పోలీసులు వాళ్ల పని చేశారు, బోర్డు తన పని చేసింది. బోర్డు ముందుకు వెళ్లే లోపు, మర్నాడు ఉదయం ఎనిమిదిన్నరకు గేటు దగ్గర ఏం జరగాలో ఆ కాగితం చెప్పింది. ప్రతి బడికీ ఇట్లాంటి కాగితం రాయడం రాదు. రావాల్సిన అవసరమూ లేదు. రాయడం వచ్చిన మనిషి ఫోన్ చేసిన రోజే రావాలి. నేను అడుగుతున్నది అంతే.

పిల్లాడికి ఎందుకింత చేయాలని కొందరు తల్లిదండ్రులు కోపంగా అడుగుతారు. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ పిల్లాడు రేపు కూడా ఏదో ఒక బడిలో, ఏదో ఒక పిల్ల పక్కన కూర్చుంటాడు. తోటివాళ్లను హింసించే పిల్లల్లో కొందరి వెనక వాళ్లమీద జరిగిన హింసే ఉంటుంది. కొందరు ఫోన్లో చూసిందే అసలు సంగతి అనుకుంటున్నారు. వెనక ఉన్నది వీటిలో ఏదో తెలుసుకోకుండా దండిస్తే దాక్కోవడం నేర్చుకుంటారు. 2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో, వంద మంది, అంతకుమించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. కలెక్టరు అధ్యక్షతన జిల్లా స్థాయి పర్యవేక్షణ కమిటీలు వేయమంది. పెద్ద బడులు పెట్టుకోగలవు. నెలకు ఏడెనిమిది వందల ఫీజుతో నడిచే బస్తీ బడి సొంతంగా పెట్టుకోలేదు. నాలుగైదు బడులు కలిసి ఒక కౌన్సెలర్ని పెట్టుకునేలా కలెక్టరు కమిటీ ఏర్పాటు చేయాలి. ప్రభుత్వ బడుల ఖర్చు ప్రభుత్వం భరించాలి. ఆదేశం వచ్చింది కదా అని పీఈటీ సార్ పేరు పక్కన "కౌన్సెలర్" అని రాసి పంపకండి, దయచేసి.

ఇంతవరకు పిల్లల గురించి చెప్పాను. ఇప్పుడు చోటు గురించి. ఇంగ్లండ్‌లోనే కార్లీన్ ఫర్మిన్ అనే పరిశోధకురాలు గట్టిగా చెప్పిన సంగతి ఇది. టీనేజీ పిల్లలకు హాని ఎక్కువగా ఇంటి బయట జరుగుతుంది, కాబట్టి ఆ పిల్లనీ ఆ కుటుంబాన్నీ మాత్రమే పరిశీలిస్తే చాలదు, జరిగిన చోటును కూడా పరిశీలించి మార్చాలి అంటారామె. నాకు ఇది పుస్తకం చదివి కాదు, బొట్టుబిళ్లలతో అర్థమైంది.

ఒక బడిలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పెద్ద చార్టు మీద బడి ప్లాను గీసి ఇచ్చాం. బేగంబజార్‌లో కొన్న ఎర్ర బొట్టుబిళ్లలు, ఆకుపచ్చ బొట్టుబిళ్లలు. భయమేసే చోట ఎర్రది, హాయిగా ఉండే చోట ఆకుపచ్చది అంటించండి, పేర్లు వద్దు అన్నాం. ఆడపిల్లలు ఒక గదిలో, మగపిల్లలు ఇంకో గదిలో. టీచర్లందరూ బయట. టీచర్లు ఏమనుకున్నారంటే ఎర్రవన్నీ గ్రౌండులో పడతాయని. గ్రౌండు పచ్చగానే ఉంది. ఎర్రవి మూడు చోట్ల గుంపుగా పడ్డాయి. మరుగుదొడ్లకూ ప్రహరీగోడకూ మధ్య సందు. రెండో అంతస్తు మెట్ల మలుపు, అక్కడ విరిగిన పాత బెంచీలు ఒకదానిమీద ఒకటి పేర్చి ఉన్నాయి, అవతల ఎవరున్నారో కనిపించదు. గేటు బయట పాన్ డబ్బా. ఇవిగాక ఆడపిల్లల చార్టు మీద కొన్ని ఎర్ర బిళ్లలు ప్లానుకు బయట, తెల్ల అంచు మీద అంటించి ఉన్నాయి. పొరపాటున అంటించారేమో అనుకుని అడిగాను. ఒక పిల్ల మెల్లగా చెప్పింది, "అది ఆటో, మేడమ్. ఆటో మీరు గీయలేదు కదా."

ఈ నాలుగు చోట్లలో హెడ్మాస్టర్ ఒక్కరే మార్చగలిగింది ఒక్కటీ లేదు. పాత బెంచీలు ప్రభుత్వ ఆస్తి, శాఖ అనుమతి లేకుండా అమ్మడానికీ పారేయడానికీ వీల్లేదు. అవి ఏళ్లుగా అక్కడే ఉన్నాయి. డిప్యూటీ ఈఓ వచ్చి, చార్టు చూసి, అనుమతి రాసిచ్చాక మెట్ల మలుపు ఖాళీ అయింది. మరుగుదొడ్ల దగ్గర లైటు, లోపల గడియలు, సందుకు గ్రిల్లు గేటు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ ద్వారా అయ్యాయి. 2024లో వేసిన ఈ కమిటీల చేతిలో చిన్న మరమ్మతులు, మరుగుదొడ్లు, కరెంటు పనులు ఉన్నాయి, స్వయం సహాయక సంఘాల మహిళలే ముందుంటారు. బడి మరమ్మతు అంటే సున్నాలూ రంగులూ అనుకుంటాం. మరుగుదొడ్డి తలుపుకి లోపలి గడియ ఉండటం ఆడపిల్లకు ఎంత పెద్ద సంగతో ఆ కమిటీలోని తల్లులకు చెప్పనక్కర్లేకపోయింది. పాన్ డబ్బా సంగతి జీహెచ్ఎంసీ, పోలీసులు చూశారు. 2003 పొగాకు నియంత్రణ చట్టం ప్రకారం బడికి వంద గజాల లోపల పొగాకు అమ్మకూడదు కాబట్టి వాళ్ల చేతిలో ఆయుధం ఉంది.

ఆటో సంగతి కష్టమైంది. ఒక్కో ఆటోలో పన్నెండు, పద్నాలుగు మంది పిల్లలు. చిన్న పిల్లలు పెద్దపిల్లల ఒళ్లో కూర్చుంటారు. డ్రైవర్‌ను అడిగితే "నేను ముందు జూసి నడపాల్నా, వెనక జూడాల్నా మేడమ్?" అన్నాడు. నిజమే. ట్రాఫిక్ పోలీసులు, రవాణా శాఖ వాళ్లు జూన్‌లో బండ్లు ఆపి చలాన్లు రాస్తారు. చలానా కట్టేసి మర్నాడు మళ్లీ అంతమందినే ఎక్కిస్తారు, ఎందుకంటే తల్లి ఇవ్వగలిగింది అంతే. ఇక్కడ అధికారులు బడిని, డ్రైవర్లను, తల్లిదండ్రులను ఒకచోట కూర్చోబెట్టాలి. చిన్న తరగతులకు, పెద్ద తరగతులకు వేరే ట్రిప్పులు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఒక లిస్టు, ఆటో నంబరు, డ్రైవర్ ఫోను బడి రిజిస్టర్లో. ఆర్టీసీతో మాట్లాడి బడి వేళకు ఆ దారిలో ఒక బస్సు వేయించగలిగితే అంతకన్నా మంచిది. ఇది ఒక్క బడి అడిగితే అయ్యే పని కాదు. డీఈఓ అడగాలి, కలెక్టర్ అడగాలి.

ఫోన్ల గురించి ఒక హెచ్చరిక. ఒక పిల్ల ఫొటోనో వీడియోనో పిల్లల మధ్య తిరుగుతోందని తెలియగానే టీచర్లు చేసే మొదటి పని, రుజువు కోసమని దాన్ని తమ ఫోన్లోకి పంపించుకోవడం, ఆ తర్వాత "చూశారా సార్" అని స్టాఫ్ గ్రూపులో పెట్టడం. దయచేసి ఈ పని చేయకండి. పిల్లల అసభ్య దృశ్యాన్ని పంపడం ఐటీ చట్టం 67బి కింద నేరం, పంపినవారు టీచరైనా సరే. దగ్గర ఉంచుకోవడం కూడా పోక్సో కింద నేరమేనని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. ఫోన్ తీసుకుని, స్విచ్చాఫ్ చేసి, కవర్లో పెట్టి, పైన తేదీ రాసి పోలీసులకు ఇవ్వండి. తెరిచి చూడకండి. ఆ పిల్ల అడిగే మొదటి ప్రశ్న "అది ఇంకా తిరుగుతోందా?" అని. పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల చిత్రాలను పెద్ద పెద్ద యాప్‌లలో ఆపించడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ 2023 నుంచి ఉంది. ఫొటోను ఎవరికీ పంపనక్కర్లేదు, ఆ ఫొటోను పోల్చి పట్టే ఒక డిజిటల్ గుర్తు ఫోన్లోనే తయారవుతుంది, యాప్‌లకు వెళ్లేది అదే. ఇది తెలిసిన సైబర్ పోలీసు ఒకరు ఏడాదికోసారి ప్రతి క్లస్టర్ మీటింగుకు వచ్చి అరగంట చూపిస్తే చాలు.

హాస్టల్ పిల్లల సంగతి వేరే రోజంతా మాట్లాడాల్సింది. గురుకులాల్లో, కస్తూర్బా విద్యాలయాల్లో సాయంత్రం ఇంటికి వెళ్లే వీలు లేదు, వేధించేవాళ్లు పక్క మంచం మీదే ఉంటారు. అక్కడ రాత్రి డ్యూటీలో ఉండే మనిషికి ఈ శిక్షణ ప్రిన్సిపాల్ కన్నా ముందు అందాలి. ఇవాళ్టికి అంతవరకే చెబుతాను.

ప్రైవేటు బడుల యాజమాన్యాల పరువు భయం గురించి మాత్రం అధికారులతో ఒక మాట. 2022 అక్టోబరులో బంజారాహిల్స్‌లోని ఒక బడిలో ఒక డ్రైవరు చిన్నారిపై చేసిన ఘోరం మనకందరికీ గుర్తుంది. అప్పుడు బడి గుర్తింపు రద్దు చేశారు. మా పిల్లల చదువు మధ్యలో ఏమైపోవాలని తల్లిదండ్రులే వచ్చి మళ్లీ తెరిపించమని అడగాల్సి వచ్చింది. దాచిన యాజమాన్యాన్ని శిక్షించాలి, నాకు రెండో మాట లేదు. కాని తానే ముందుకొచ్చి చెప్పిన బడికీ, దాచిన బడికీ ఒకే దండన అయితే రేపు ఎవరూ చెప్పరు. తానే చెప్పిన బడికి ఆ రోజు వెళ్లేది నోటీసు కాకూడదు, మనిషి కావాలి. ఈ తేడా డీఈఓలు రాతపూర్వకంగా ప్రకటించాలని కోరుతున్నాను. అప్పుడే కరస్పాండెంట్లకు ధైర్యం వస్తుంది.

అధికారులు నా మాటల్లో న్యాయం ఉందనుకుంటే, ఈ జూన్‌లో బడులు తెరిచేలోపు కొన్ని పనులు చేయండి. ప్రతి మండలానికి ఒక మనిషి పేరు, ఒక ఫోను నంబరు ప్రతి హెడ్మాస్టర్ టేబుల్ అద్దం కింద ఉండాలి. స్టేషన్‌లోని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరో బడికి ముఖపరిచయం ఉండాలి, మొదటిసారి కలవడం సంఘటన జరిగిన రోజున కాకూడదు. నాలుగు జిల్లాల బాలల సంక్షేమ సమితులు మూడు నెలలకోసారి కూర్చుని, సరిహద్దుల మీద తిరిగిన కేసులు ఎక్కడ ఆగిపోయాయో చూసుకోవాలి.

తల్లిదండ్రులకు ఒక మాట. బడిలో వినకపోతే మీకు దారి మూసుకుపోలేదు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. మూడు నెలల్లో తేల్చాలి. తేల్చింది నచ్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఫిర్యాదు కాపీ మీద స్టాంపు వేయించుకోవడం మరిచిపోకండి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. లేచి అడగడం ఇబ్బందైతే చిట్టీ మీద రాసి పంపండి. బడి పేరు, పిల్లల పేర్లు మాత్రం రాయకండి. మీ బడిలో ఇప్పుడే ఏదైనా నడుస్తుంటే టీ విరామంలో నా దగ్గరికి రండి, జిల్లా బాలల పరిరక్షణ విభాగం వాళ్లు కుడివైపు టేబుల్ దగ్గర కూర్చున్నారు, వాళ్ల దగ్గరికే నేరుగా వెళ్లినా మంచిదే.